బ్లేడు మీద పేరు: ఏ కంపెనీ బాగా వేసింది, ఏది పాడు చేసింది

కత్తులు సేకరించేవాళ్లు స్టీలు విషయంలో ఎలాగోలా సర్దుకుపోతారు గానీ, బ్లేడు మీద రాత విషయంలో మాత్రం సర్దుకోరు. కొందరికి బ్లేడు నున్నగా, ఖాళీగా ఉండాలి. మరికొందరికి ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఏ స్టీలు, ఏ సంవత్సరం అనేవన్నీ దాని మీదే కనిపించాలి. ఇక్కడ చూస్తున్నవి ఎక్కువగా చేతులు మారే కత్తులు: కేస్, బక్, విక్టోరినాక్స్, ఒపినెల్, కా-బార్, స్పైడర్‌కో, బెంచ్‌మేడ్, జీరో టాలరెన్స్, కోల్డ్ స్టీల్, జర్మనీ, జపాన్ వంటింటి కత్తులు, ఇంకా కొన్ని చేతిపని కత్తులు. ముద్ర ఎక్కడ ఉంది, ఎంత లోతుగా దిగింది, ఏం చెబుతోంది, తిన్నగా కూర్చుందా లేదా అన్నవే ఇక్కడ చూసినవి. తీర్పు ముందే చెప్పేస్తే చదవడం సులువు: పిడికి ఆనుకుని, పదును పెట్టని చోట, లోహంలోకి దిగేలా కొట్టిన చిన్న ముద్రను మించింది లేదు.

ఆ లెక్కన మొదటి స్థానం కేస్‌ది. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫోర్డ్‌లో తయారయ్యే ఈ మడత కత్తుల్లో ముద్ర బ్లేడు మొదట్లో ఉంటుంది, బ్లేడు ముఖాన్ని ఆక్రమించదు. పైగా చదవడం వస్తే అది కత్తి వయసు చెప్పేస్తుంది. 1940 నుంచి 1964 వరకు 'కేస్ ఎక్స్ఎక్స్' అని మాత్రమే కొట్టేవారు. 1965లో దాని కింద 'యు.ఎస్.ఎ.' చేరింది. 1970లో పది చుక్కలు పెట్టి, ఏటా ఒక చుక్క తగ్గిస్తూ వచ్చారు. అంటే 1970 కత్తికి పది చుక్కలు, 1974 కత్తికి ఆరు, 1979 కత్తికి ఒకటి. 1980లో ఎస్ అక్షరాన్ని మెరుపు ఆకారంలోకి మార్చి, మళ్లీ పది చుక్కల నుంచి మొదలుపెట్టారు. అందుకే చుక్కలు లెక్కపెట్టే ముందు ఎస్ ఆకారం చూడాలి, లేకపోతే లెక్క పదేళ్లు తప్పుతుంది. మోడల్ నంబరు కూడా ఊరికే వేసింది కాదు. 6254 అంటే 6 ఎముక పిడి, 2 రెండు బ్లేడ్లు, 54 ట్రాపర్ ఆకారం.

ఈ పద్ధతిలో ఒక బలహీనత ఉంది. చుక్కలు చిన్నవి, మెరుపు పెట్టే బఫింగ్ చక్రం మీద గట్టిగా నొక్కితే ముందు పోయేవి అవే. చుక్క ఒకటి పోతే కత్తి ఒక ఏడాది కొత్తదిగా కనిపిస్తుంది. కాబట్టి పాత కత్తిని మెరిపించి అమ్మితే నష్టపోయేది అమ్మేవాడే. కొనేవాళ్లు చుక్కల మధ్య ఎడం కొలవాలి. వరసలో ఒకచోట ఎడం రెట్టింపుగా ఉంటే అక్కడ ఒక చుక్క అరిగిపోయిందని అర్థం.

బక్ కంపెనీ మడత కత్తి, మోడల్ 110, కూడా దాదాపు అంతే బాగుంటుంది. 1986 నుంచి ఆ కంపెనీ మోడల్ నంబరు పక్కన ఏడాదికో గుర్తు కొడుతోంది. 1986కి ఎడమవైపు తిరిగిన బాణపు మొన, 1987కి కుడివైపు తిరిగింది, ఆపైన ఏటా వేరే గుర్తు. అంతకు ముందరి కత్తుల్లో చుక్కల అమరికను బట్టి తరం తేల్చుకోవాలి, అది కష్టమైన పని. ముద్ర స్పష్టంగా, లోతుగా ఉంటుంది. బ్లేడును ఎన్నిసార్లు నూరినా ఆ చోటికి రాయి తగలదు కాబట్టి సగం అరిగిన బ్లేడు మీద కూడా పుట్టిన ఏడాది చదవొచ్చు.

విక్టోరినాక్స్ ముద్ర చాలా చిన్నది, కానీ అందులో చరిత్ర ఇమిడి ఉంది. స్థాపకుడి తల్లి విక్టోరియా 1909లో చనిపోతే ఆమె పేరును కంపెనీ గుర్తుగా పెట్టారు. తుప్పు పట్టని స్టీలును సూచించే 'ఇనాక్స్' దానికి చేరి, 1921లో 'విక్టోరినాక్స్' అయింది. కాబట్టి బ్లేడు మీద ఈ పూర్తి పేరున్న కత్తిని 1921కి ముందరిదని అమ్మజూపితే ఇంకేం చూడనక్కర్లేదు. ఒక్క ఫిర్యాదు: ఆ అక్షరాలు మరీ చిన్నవి. జేబు మట్టి, నూనె చేరి పూడిపోతాయి. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి పళ్లు తోమే బ్రష్షు చాలు. సూదితో గీకితే అంచులు చెడతాయి.

ఒపినెల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1565లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో చార్లెస్ కత్తులు చేసేవాళ్లంతా తమ సరుకు మీద గుర్తు వేయాలని ఆదేశించాడు. ఆ సంప్రదాయం ప్రకారమే 1909లో జోసెఫ్ ఒపినెల్ 'కిరీటం పెట్టిన చేయి'ని నమోదు చేయించాడు. దీవిస్తున్న చేయి సెయింట్ జాన్ డి మోరియెన్ పట్టణపు చిహ్నం నుంచి, కిరీటం సవాయ్ డచీ నుంచి వచ్చాయి. గుర్తు, కంపెనీ పేరు, దేశం, స్టీలు రకం అన్నీ ఒకేచోట గుత్తిగా ఉంటాయి. తుప్పు పట్టని దానికి 'ఇనాక్స్', పట్టేదానికి 'కార్బోన్'. ఈ ధరల శ్రేణిలో ఇంత అందమైన ముద్ర మరొకటి లేదని మా అభిప్రాయం. అయితే కార్బన్ బ్లేడుతో జాగ్రత్త. గుడ్డతో తుడిస్తే బ్లేడు పైభాగం ఆరుతుంది, ముద్ర గుంతల్లో తడి నిలుస్తుంది. ముందుగా ఎర్రబారేది ఆ చేతి వేళ్ల మధ్యే. వాడాక తుడిచి, ఒక చుక్క మినరల్ ఆయిల్‌ను ముద్ర మీద వేలితో అద్దితే సరిపోతుంది.

కా-బార్ సైనిక కత్తిలో ఒకవైపు కంపెనీ పేరు, ఓలియన్ ఊరి పేరు, రెండోవైపు 'యు.ఎస్.ఎం.సి.' (అమెరికా మెరైన్ దళం) ఉంటాయి. ముద్ర కొట్టాకే నల్ల పూత వేస్తారు కాబట్టి అక్షరాల లోపల కూడా పూత ఉంటుంది, అక్కడ తుప్పు మొదలవదు. రెండో ప్రపంచ యుద్ధకాలపు కత్తుల్లో ఇదే నమూనాను కామిలస్ వంటి ఇతర కంపెనీలూ చేశాయి. కామిలస్ వాటిలో కొన్నింటికి పేరు బ్లేడు మీద, కొన్నింటికి చేతికి అడ్డుగా ఉండే ఇనుప పట్టీ మీద ఉంటుంది. బ్లేడు మీద ఏమీ లేదని నకిలీ అని తీసిపారేయకుండా ఆ పట్టీని వెలుతురులో తిప్పి చూడాలి.

ముద్ర వేసే పద్ధతులు తెలియకపోతే పై తీర్పులకు అర్థం ఉండదు. అచ్చుతో కొట్టడం అన్నిటికన్నా పాతది. స్టీలును గట్టిపరచడానికి ముందే కొట్టాలి, గట్టిపడ్డాక కొడితే అచ్చయినా పగులుతుంది, బ్లేడయినా పగులుతుంది. సుత్తితో కొట్టేటప్పుడు అచ్చు ఎగిరిపడితే అక్షరాలు రెండేసి కనిపిస్తాయి, అందుకే ప్రెస్సులో నొక్కడం మేలు. అచ్చు లోహాన్ని తీసేయదు, పక్కకు నెడుతుంది. అక్షరం చుట్టూ చిన్న గట్టు లేస్తుంది, దాన్ని నూరి సమం చేయాలి. ఆ నూరుడు లెక్కేసుకుని ముద్రను ముందే లోతుగా కొట్టకపోతే చివరికి సగం అక్షరాలే మిగులుతాయి. అచ్చు మూలలు మరీ పదునుగా ఉంటే ఆ చోట ఒత్తిడి పోగయి, ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచినప్పుడు పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. నీళ్లలో ముంచే స్టీళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

చిన్న తయారీదారులు ఎక్కువగా నమ్ముకునేది కరెంటు ఎచింగ్. బ్లేడును అసిటోన్‌తో తుడిచి, స్టెన్సిల్ అంటించి, ఎచింగ్ ద్రావణంలో తడిపిన ఫెల్ట్ ముక్కతో దాని మీద అద్దుతారు. బ్లేడుకు ప్లస్ తీగ, ఫెల్ట్‌కు మైనస్. డీసీ కరెంటు లోహాన్ని కొరుకుతుంది, దానివల్ల లోతు వస్తుంది. ఏసీ కరెంటు నల్లటి ఆక్సైడు పొర కడుతుంది, దానివల్ల రంగు వస్తుంది. రెండూ కావాలి. రెండు మూడు సెకన్ల చొప్పున డీసీతో పది పన్నెండు అద్దకాలు, మధ్య మధ్య వేడి తగ్గనివ్వడం, చివర నాలుగైదు సెకన్లు ఏసీ. ఒకేసారి అర నిమిషం నొక్కిపట్టేవాళ్ల ముద్రలు చూడగానే తెలిసిపోతాయి. వేడికి స్టెన్సిల్ అంచు లేచి, దాని కిందికి ద్రావణం పాకి, అక్షరాల చుట్టూ బూడిద రంగు మసక కమ్ముకుంటుంది. ఫెల్ట్ నీళ్లు కారేంత తడిగా ఉన్నా ఇదే జరుగుతుంది, పిండి వాడాలి. పని అయ్యాక వంటసోడా నీళ్లతో కడిగి నూనె రాయకపోతే రాత్రికి రాత్రే అక్షరాల్లో తుప్పు వస్తుంది. కొత్తగా కొన్న చేతిపని కత్తిలో ముద్ర దగ్గర మాత్రమే తుప్పు కనిపిస్తే కారణం స్టీలు కాదు, కడగకపోవడమే.

లేజర్ రెండు రకాలుగా పనిచేస్తుంది. చెక్కేది లోహాన్ని ఆవిరి చేస్తుంది. కాల్చేది లోహాన్ని తీయకుండా పైపొరను నల్లబరుస్తుంది. రెండోది చూడ్డానికి చక్కగా, పదునైన అంచులతో ఉంటుంది, కానీ మెటల్ పాలిష్‌తో నాలుగు సార్లు రుద్దితే చెరిగిపోయేంత పలచన. పైగా తుప్పు పట్టని స్టీలులో ఆ వేడికి పైపొర క్రోమియం బలం తగ్గి, ఉప్పుగాలిలో సరిగ్గా అక్షరాల మీదే మచ్చలు వస్తాయి. పూత వేసిన బ్లేడు మీద లేజర్ వేస్తే పూత పోయి లోపలి స్టీలు బయటపడుతుంది. తుప్పు పట్టని స్టీలయితే పరవాలేదు గానీ, 1095 వంటి కార్బన్ స్టీలుకు ఇది చేయకూడని పని. సిరాతో అచ్చేసినవి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: స్పిరిటు తగిలితే పోతాయి.

ఇక ఈనాటి మడత కత్తులు. స్పైడర్‌కో బ్లేడు మీద సాలీడు బొమ్మ, పేరు, స్టీలు, తయారైన ఊరు ఉంటాయి. సొంత ఫ్యాక్టరీవి 'గోల్డెన్, కొలరాడో, యు.ఎస్.ఎ., ఎర్త్' అంటాయి, మిగతావి సెకి సిటీ (జపాన్), తైచుంగ్ (తైవాన్), మానియాగో (ఇటలీ) అని తేడా లేకుండా నిజం చెబుతాయి. సేకరించేవాళ్లకు ఇది చాలా విలువైన అలవాటు. ఒకే మోడల్ పలు స్టీళ్లలో వచ్చినప్పుడు సీపీఎం ఎస్30వీ ఏదో, వీజీ-10 ఏదో బ్లేడే చెప్పాలి, డబ్బా పోయినా కత్తి తన సంగతి తాను చెప్పుకోవాలి. అసలు స్పైడర్‌కోకు నిజమైన లోగో బొటనవేలితో తెరవడానికి బ్లేడులో పెట్టే గుండ్రటి రంధ్రమే. దాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకున్నారు కూడా. దూరం నుంచి రంధ్రం చూసి గుర్తుపట్టగలిగిన కత్తికి సాలీడు అక్కర్లేదు, ఉన్నా చిన్నది కాబట్టి క్షమించొచ్చు.

బెంచ్‌మేడ్ సీతాకోకచిలుక దాని పూర్వచరిత్ర నుంచి వచ్చింది. ఆ సంస్థ 1979లో బాలీ-సాంగ్ పేరుతో, రెండు రెక్కల్లా తెరుచుకునే కత్తులు చేస్తూ మొదలైంది. బొమ్మకు అర్థం ఉంది, కానీ కొన్ని మోడళ్లలో అది బ్లేడు ముఖం మధ్యలో కూర్చుంటుంది. సన్నటి బ్లేడు మీద అది కంటికి గుచ్చుకుంటుంది. అదే గుర్తును పిడి దగ్గరికి జరిపి మూడో వంతుకు తగ్గిస్తే ఎవరికీ పేచీ ఉండదు.

జీరో టాలరెన్స్ కత్తుల్లో పనితనం గొప్పది, రాత ఎక్కువ. కంపెనీ, మోడల్, స్టీలు, రూపకర్త, దేశం వరసలు వరసలుగా. ఎక్కువ భాగం వెనకవైపు పెడతారు కాబట్టి ముందువైపు ఫొటోల్లో కనిపించదు, చేతిలోకి తీసుకున్నాక తెలుస్తుంది. రూపకర్త పేరు ఉండడం న్యాయమే. మిగతాది మాత్రం ఒకే వరుసలో, వెన్నుకు సమాంతరంగా పట్టేది. కోల్డ్ స్టీల్‌తో గొడవ వేరు. శాన్ మాయ్ త్రీ (మధ్యలో గట్టి కోర్, రెండు పక్కలా మెత్తటి స్టీలు ఉన్న మూడు పొరల స్టీలు) కత్తుల మీద ఆ స్టీలు పేరునే పెద్ద అక్షరాలతో బ్లేడు ముఖం మీద రాశారు. కోర్ చుట్టూ మెత్తటి స్టీలు కలిసేచోట కనిపించే ఆ సన్నటి అలల గీతే ఆ స్టీలుకు ఉన్న అందం, రాత సరిగ్గా దాని పక్కనే పడి చూపును లాగేస్తుంది. ఈ సమీక్షలో మార్కులు బాగా తగ్గింది దీనికే. కత్తి బలం మీద ఫిర్యాదు లేదు.

దేశం పేరు బ్లేడు మీద ఎందుకు ఉంటుందని చాలామంది విసుక్కుంటారు. అది కంపెనీల ఇష్టం కాదు, చట్టం. 1887లో బ్రిటన్ తెచ్చిన మర్కండైజ్ మార్క్స్ చట్టం విదేశీ సరుకు మీద తప్పుడు ముద్రలను అరికట్టడానికే వచ్చింది. బ్రిటన్‌లోని షెఫీల్డ్ పేరుతో జర్మనీలోని సోలింగెన్ కత్తులు అమ్ముడవడం దానికి ఒక కారణం. 1890లో అమెరికా చేసిన మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలంది, అది 1891 నుంచి అమలైంది. అందుకే 'జర్మనీ' అని కొట్టిన పాత కత్తి సాధారణంగా 1891 తర్వాతిదని లెక్క వేస్తారు. ఇప్పటికీ అమెరికా నిబంధనలు దిగుమతి కత్తుల మీద దేశం పేరు అచ్చుతోనో, ఎచింగ్‌తోనో, చెక్కడంతోనో, లోహపు పలకతోనో ఉండాలంటాయి. కాగితపు స్టిక్కరు చాలదు.

సోలింగెన్ పేరుకు జర్మనీలో చట్టరక్షణ 1938 నుంచి ఉంది, ఇప్పటి ఉత్తర్వు 1994ది. ముఖ్యమైన పనులన్నీ ఆ ప్రాంతంలో జరిగితేనే ఆ పేరు వేయాలి. జ్విలింగ్ కంపెనీ కవలల గుర్తును 1731 జూన్ 13న అక్కడి కత్తుల సంఘంలో నమోదు చేశారు. వూస్ట్‌హోఫ్ కంపెనీ త్రిశూలం 1895 నాటిది. రెండూ బ్లేడు ముఖం మీదే ఉన్నా చిన్నవి, పిడికి దగ్గర. ఇందుకు భిన్నంగా ఫ్రాన్స్ కత్తుల పేర్లయిన లాగియోల్, సబాటియర్ ఒక్క కంపెనీవి కావు. ఎంతోమంది వాడారు. లాగియోల్ కత్తి వెన్ను మీది తేనెటీగ నాణ్యతకు హామీ కాదు. పెద్ద పేరు పక్కన చిన్నగా ఉండే రెండో గుర్తు చూడాలి, అసలు తయారీదారు అదే. 'రోస్ట్‌ఫ్రై', 'ఇనాక్స్' కంపెనీ పేర్లు కావు, తుప్పు పట్టదని చెప్పే మాటలు. స్టీలు రకంగా వట్టి '440' అని ఉంటే దాన్ని 440సి అనుకోకూడదు. 440ఎలో కార్బన్ 0.60 నుంచి 0.75 శాతం, సిలో 0.95 నుంచి 1.20 శాతం. ఆ తేడా పదును ఎంతకాలం నిలుస్తుందో నిర్ణయిస్తుంది. సి వేసినవాడు ఆ అక్షరం రాయకుండా వదలడు.

జపాన్ వంటింటి కత్తుల్లో ఉలితో చెక్కిన పేరు అందంలో అన్నిటినీ మించుతుంది. అంచు గట్టి స్టీలు, పైన కప్పింది మెత్తటి ఇనుము కాబట్టి పూర్తయిన కత్తి మీద కూడా చేతి ఉలి దిగుతుంది. భూతద్దంలో చూస్తే ప్రతి గీత ఒక్కో పోటుగా, మొదట్లో వెడల్పుగా, చివర సన్నగా, పక్కన లేచిన చిన్న గట్టుతో కనిపిస్తుంది. యంత్రంతో చెక్కిన గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే వెడల్పు, గుండ్రటి అడుగు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: సకాయి నగరంలో కమ్మరి, నూరేవాడు, పిడి బిగించేవాడు వేర్వేరు మనుషులు. బ్లేడు మీది పేరు చాలాసార్లు అమ్మే సంస్థది, కొలిమి దగ్గర నిలబడినవాడిది కాకపోవచ్చు.

చేతిపని కత్తుల్లో లోగోయే ధరను మార్చేస్తుంది. అమెరికా కత్తుల తయారీదారు బాబ్ లవ్‌లెస్ కత్తుల మీద మామూలు లోగో ఒకటి, పడుకున్న నగ్న స్త్రీ బొమ్మ మరొకటి. బొమ్మ రెండు వైపులా ఉన్న కత్తికి పోటీ ఇంకా ఎక్కువ. అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పరీక్షలు నెగ్గినవాళ్లు పేరు పక్కన జె.ఎస్. (జర్నీమన్ స్మిత్) లేదా ఎం.ఎస్. (మాస్టర్ స్మిత్) కొడతారు. వేలాడే అంగుళం లావు తాడును ఒక్క వేటుకు కోయడం, చెక్కను నరకడం, ఆ తర్వాత కూడా వెంట్రుకలు గీయగలగడం, చివరికి బ్లేడును 90 డిగ్రీలు వంచినా విరగకపోవడం ఆ పరీక్షలో భాగం. రెండు అక్షరాల్లో ఇంత చెప్పే ముద్ర అరుదు.

నకిలీలను పట్టుకోవడానికి పది రెట్ల భూతద్దం, పక్క నుంచి పడే టార్చి వెలుతురు చాలు. అచ్చుతో కొట్టిన అక్షరానికి వాలు గోడలు, చదునైన అడుగు ఉంటాయి. లేజర్ చెక్కుడులో అడుగున అడ్డదిడ్డంగా దగ్గర దగ్గర గీతలు కనిపిస్తాయి. లేజర్ లేని కాలపు తేదీ వేసిన కత్తిలో ఆ గీతలుంటే కథ అక్కడితో ముగిసినట్టే. తుప్పు గుంతలున్న బ్లేడయితే అక్షరం అంచు, గుంత కలిసేచోటు వెతకాలి. అసలు ముద్రను గుంత కొరుకుతుంది, అంచు తెగి ఉంటుంది. తర్వాత కొట్టిన ముద్ర గుంత మీదుగా దిగి, గుంత గోడను లోపలికి నొక్కేస్తుంది. ఇంకొకటి, పాత జేబు కత్తుల్లో బ్లేడు ముఖం మీది ఎచింగ్ మొదట అరిగేది. నూరి నూరి బ్లేడు సగమైపోయి, ఎచింగ్ మాత్రం నిన్న వేసినట్టు ఉంటే అది నిన్న వేసిందే.

లోగో నచ్చక చెరిపేద్దామనుకునేవాళ్లకు: సిరా, లేజర్‌తో నల్లబరచినవి మెటల్ పాలిష్‌తో పోతాయి. లోతున్నవి పోవు, పోగొట్టాలంటే బ్లేడు మందం తగ్గించాలి, అది అంచు జ్యామితిని పాడుచేస్తుంది. అంచుకు రెండు పొరల టేపు చుట్టి, మడత కత్తయితే విప్పి బ్లేడు విడదీశాకే మొదలుపెట్టాలి, లేకపోతే రాపిడి పొడి ఇరుసులో చేరుతుంది. బఫింగ్ యంత్రం వద్దు, సన్నటి అంచు దగ్గర వేడికి గట్టిదనం పోతుంది. స్టోన్‌వాష్ (చిన్న రాళ్లతో కలిపి తిప్పి మసకబరచిన) బ్లేడు మీద రుద్దిన చోటు మెరిసే మచ్చగా మిగులుతుంది, మళ్లీ మొత్తం బ్లేడును స్టోన్‌వాష్ చేస్తే తప్ప కలవదు. పూత ఉన్నదాని జోలికి వెళ్లొద్దు. చాలా కంపెనీలు దీన్ని మార్పుచేర్పుగా లెక్కేసి వారంటీ ఇవ్వవు, తర్వాత కొనేవాళ్లూ ధర తగ్గిస్తారు. శాటిన్ ఫినిష్ (ఒకే దిక్కున సన్నటి గీతలు) ఉన్న బ్లేడు ఒక్కటే ఇంట్లో చక్కగా కుదురుతుంది: 600, 800 గ్రిట్ గరుకు కాగితాన్ని చదునైన చెక్కకు చుట్టి, నూనె వేసి, ఫ్యాక్టరీ గీతలు ఏ దిక్కున ఉంటే ఆ దిక్కునే, వెనక్కీ ముందుకీ కాకుండా ఒకే వైపు లాగాలి.